"బెంగళూరు తీసుకెళ్ళండి" అని చీటీ రాసే ముందు: పిల్లల సైకియాట్రీ ట్రైనింగ్‌పై అపోహలు - వాస్తవాలు

పోయిన మంగళవారం ఓపీ మధ్యలో ఒక సెకండియర్ సైకియాట్రీ పీజీ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, నాలుగేళ్ళ బాబు. పేరు పెట్టి పిలిస్తే పలకడు, మాటలు రాలేదు. మా దగ్గర చైల్డ్ సైకియాట్రిస్ట్ లేరు కదా, ఎక్కడికి రిఫర్ చేయమంటారు?" వినికిడి పరీక్ష అయిందా అన్నాను. తెలీదంది. ఎలా ఆడుకుంటున్నాడో చూశావా అన్నాను. చూడలేదంది. ఆ అమ్మాయిని తప్పు పట్టను. పిల్లల కేసు మనది కాదని ఆమెకి ఎవరో సీనియర్ చెప్పారు, ఆ సీనియర్‌కి ఇంకో సీనియర్ చెప్పి ఉంటారు. నెలకి నాలుగైదు సార్లు నాకు ఇదే ఫోన్ వస్తుంది, ఊరి పేరొక్కటే మారుతుంది. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

అపోహ: డీఎం (ఎండీ తర్వాత చేసే సూపర్ స్పెషాలిటీ కోర్సు) చేసినవాళ్ళు తప్ప పిల్లల కేసులు చూడకూడదు.

వాస్తవం: ఎండీ లేదా దానికి సమానమైన డీఎన్‌బీ సైకియాట్రీ పాసైన ప్రతి ఒక్కరూ పిల్లల్ని పరీక్షించొచ్చు, వైద్యం మొదలుపెట్టొచ్చు. ఆ మూడేళ్ళ సిలబస్‌లో చైల్డ్ సైకియాట్రీ ఉంది, పోస్టింగ్ ఉంది, థియరీ పేపర్లో ప్రశ్నలొస్తాయి. డీఎం చైల్డ్ అండ్ అడోలసెంట్ సైకియాట్రీ ఆ పైన ఇంకో మూడేళ్ళు. మూర్ఛలతో కలిసిన ఆటిజం, పదేళ్ళలోపే మొదలైన సైకోసిస్, తిండి మానేసి చిక్కిపోయిన టీనేజ్ పిల్లలు, కోర్టు దాకా వెళ్ళే పోక్సో కేసులు, ఇలాంటి చిక్కు కేసులకీ, తర్వాతి తరానికి నేర్పడానికీ అది కావాలి. ఆ కోర్సు దేశం మొత్తం మీద కొద్ది సంస్థల్లోనే ఉంది. డీఎం చేసిన మేమంతా పగలూ రాత్రీ ఓపీలో కూర్చున్నా అవసరంలో పిసరంత తీరదు.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. మీ ఊళ్ళో వెయ్యి మంది చదివే హైస్కూలుంటే లెక్కేసుకోండి. ఆ డెబ్బై మందినీ బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి పంపుతారా? పీహెచ్‌సీలో ఉండే మామూలు డాక్టర్ల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ రాసిన ఎంహెచ్‌గ్యాప్ గైడులోనే పిల్లల సమస్యల మీద విడిగా ఒక అధ్యాయం ఉంది. ఎంబీబీఎస్ డాక్టరు చేయగలిగిన పనిని సైకియాట్రీ పీజీ "నాది కాదు" అనడం నాకు మింగుడుపడదు.

ఈ అపోహ ఏం చేస్తుందో నాకు ఎండీ రెండో ఏడాదిలోనే తెలిసొచ్చింది. మిర్చి పండించే కుటుంబం, మూడేళ్ళ బాబు, మాటలు లేవు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఓపీ కిక్కిరిసి ఉంది. "చైల్డ్ సైకియాట్రీ కోసం పెద్ద సెంటర్‌కి రిఫర్" అని రాసి సంతకం పెట్టాను, రెండు నిమిషాల పని. ఆ తల్లి చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది. ఏడాది దాటాక తండ్రి తాగుడు మానేయడానికని అదే ఓపీకి వచ్చాడు. గుర్తుపట్టి, బాబు ఎలా ఉన్నాడని అడిగాను. "మీరు బెంగళూరు పొమ్మన్నారు గదా మేడం. కోతలైనాక పోదాంలే అనుకున్నాం. రేటు పడిపోయింది. అక్కడ భాష రాదు, తెలిసినోళ్ళు లేరు. మీ అంత సదివినోళ్ళే మా వల్ల కాదన్నారంటే ఇంకేం చేస్తాంలే అని ఊరుకున్నాం" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. నేను చీటీ రాసిన గదికి రెండు గదుల అవతల ఈఎన్‌టీ విభాగం ఉంది. అదే ఆవరణలో స్పీచ్ థెరపిస్ట్ ఉన్నారు, మా విభాగంలోనే క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారు. వినికిడి చూపించి, థెరపీ మొదలుపెట్టించి, ఫోన్ చేతికివ్వకుండా పిల్లాడితో ఎలా ఆడాలో ఆ తల్లికి నేర్పి, నెలకోసారి రమ్మని ఉంటే చాలు. మెదడు వేగంగా ఎదిగే వయసులో ఒక ఏడాది పోయింది. ఇప్పుడైతే పిల్లల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే కింద జిల్లా ఆసుపత్రుల్లో ఎదుగుదల లోపాల్ని ముందే పట్టుకునే డీఈఐసీలున్నాయి, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. అన్ని చోట్లా సిబ్బంది నిండుగా లేకపోవచ్చు. కానీ తలుపు ఎక్కడుందో చూపించాల్సింది మనమే.

రిఫర్ చేయొద్దని నేను అనడం లేదు. మొదలుపెట్టి రిఫర్ చేయండి. చీటీతో పాటు వైద్యం కూడా అదే రోజు మొదలవ్వాలి.

మరి ఎండీలో అంత నేర్చుకుంటామా అని పీజీలు అడుగుతారు. నేర్చుకుంటే వస్తుంది. చైల్డ్ పోస్టింగ్ అనగానే థీసిస్ డేటా ఎక్కించుకోవడానికి తీరిక దొరికిందనుకునేవాళ్ళని చాలామందిని చూశాను. దయచేసి ఆ వారాల్ని అలా పోగొట్టుకోవద్దు. తెల్లకోటు విప్పి చాప మీద కూర్చోండి. పిల్లాడు బొమ్మ కారుని తోస్తున్నాడా, తిరగేసి చక్రాలు మాత్రమే తిప్పుతున్నాడా, తిప్పుతూ మధ్యలో మీ మొహం వైపు చూస్తున్నాడా, ఇది పుస్తకంలో చదివితే రాదు. ఎన్నో నెలలో నడిచాడని అడిగితే తల్లులకి గుర్తుండదు. మొదటి పుట్టినరోజు ఫోటోలో నిలబడే ఉన్నాడా, ఆ ఏడు సంక్రాంతికి 'అత్త' అనేవాడా అని అడగండి, టకటకా చెప్తారు. తినేటప్పుడు రెండు నిమిషాలు వీడియో తీసుకురమ్మనండి. స్కూలు పిల్లలైతే ఫెయిర్ నోట్సు పక్కనపెట్టి రఫ్ నోట్సు చూడండి, టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడండి. ఇంట్లో ఒక్కచోటే అల్లరి చేస్తే అది ఏడీహెచ్‌డీ (నిలకడ లేకపోవడం, అతి చురుకుదనం) అయిపోదు. రెండు చోట్ల కనిపించాలి, పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. సైకాలజిస్ట్ పక్కన కూర్చుని బినే-కామత్ ఐక్యూ పరీక్ష ఒక్కటైనా మొదటి నుంచి చివరిదాకా చూడండి. రిపోర్టులో ఐక్యూ అంకె వెనక ఆ పిల్లాడు ఎంత అలిసిపోయాడో, ఎక్కడ భయపడ్డాడో అప్పుడు తెలుస్తుంది. పీజీలో భాగంగా జిల్లా ఆసుపత్రిలో చేసే జిల్లా రెసిడెన్సీ మూడు నెలలు దీనికి బంగారం లాంటివి. డీఈఐసీలో వారానికి ఒక పూట కూర్చోవడానికి మీకెవరూ అడ్డు చెప్పరు.

అపోహ: ఇంటర్ పిల్లలకి డిప్రెషన్ మందులిస్తే ఆత్మహత్య ఆలోచనలు పెరుగుతాయి, కాబట్టి ముట్టుకోకూడదు.

వాస్తవం: ఇది తల్లిదండ్రుల కంటే పీజీల్నే ఎక్కువ భయపెడుతోంది. 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద బ్లాక్ బాక్స్ హెచ్చరిక, అంటే అన్నిటికంటే గట్టి హెచ్చరిక, పెట్టిన మాట నిజమే. వాళ్ళు పరిశీలించిన ట్రయల్స్‌లో అలాంటి ఆలోచనలు లేదా ప్రయత్నాలు మందు వేసుకున్న పిల్లల్లో సుమారు 4 శాతం, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 2 శాతం కనిపించాయి. ఆ ట్రయల్స్‌లో ఎవరూ ఆత్మహత్య చేసుకోలేదు. హెచ్చరిక చెప్పేది మొదటి వారాల్లో దగ్గరగా గమనించమని. అదే ఏడాది వచ్చిన టాడ్స్ అధ్యయనంలో 439 మంది టీనేజర్లని చూస్తే ఫ్లూయొక్సెటిన్ అనే డిప్రెషన్ మందు, సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల థెరపీ) కలిపి ఇచ్చినవాళ్ళు అందరికంటే బాగా కోలుకున్నారు. కాబట్టి అవసరమైన చోట రాయండి, మొదటి నెల వారం వారం రప్పించండి, ఇంట్లో పురుగుమందు డబ్బా ఎక్కడుందో అడగండి. రాత్రిపూట కంగారొస్తే పిలవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీ మీద రాసివ్వండి.

టీనేజ్ పిల్లల్ని విడిగా, ఒంటరిగా కూర్చోబెట్టి మాట్లాడటం కూడా ట్రైనింగే. హాస్టల్ నుంచి తీసుకొచ్చిన ఒక ఇంటర్ అమ్మాయి తల్లి ముందు మూడు విజిట్లు నోరు విప్పలేదు. నేనూ మూడోసారి దాకా తల్లిని బయట కూర్చోమనలేదు, మొహమాటం. నాలుగోసారి మేమిద్దరమే ఉన్నాం. చాలాసేపు కిటికీలోంచి చూసి, "మా అమ్మకి చెప్పరు కదా?" అంది. ఏది నా దగ్గరే ఉంటుందో, ప్రాణం మీదికొస్తే ఏది చెప్పక తప్పదో ముందే వివరించాను. అప్పుడు మొదలుపెట్టింది. డీఎం మూడేళ్ళలో నేను ఎక్కువగా నేర్చుకుంది ఈ కూర్చోవడమే. కొత్త మందుల పేర్లు పెద్దగా ఏమీ లేవు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

పీడియాట్రిక్స్ ఎండీతో ఈ డీఎంకి వెళ్ళొచ్చంటారు. వెళ్ళలేరు, సైకియాట్రీ ఎండీ లేదా డీఎన్‌బీ ఉండాలి. నిమ్హాన్స్, చండీగఢ్ పీజీఐ లాంటి చోట్లకి ఐఎన్ఐ-ఎస్ఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, మిగతావాటికి నీట్ ఎస్ఎస్.

సైకాలజిస్టూ సైకియాట్రిస్టూ ఒకటే అంటారు. కాదు. క్లినికల్ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, పరీక్షలు, థెరపీ వాళ్ళ చేతిలో. మందులు రాసేది మేము. పిల్లలకి ఇద్దరూ కావాలి.

మైనర్లని అడ్మిట్ చేయకూడదని కొత్త చట్టం వచ్చిందట. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ఆ మాట అనలేదు. ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, పెద్దవాళ్ళ వార్డులో ఉంచకూడదు, ఇంటి మనిషి పక్కనే ఉండాలి అంది.

ఆటిజం తగ్గే మందు ఎక్కడో దొరుకుతుందని వాట్సాప్‌లో వస్తుంటుంది. లేదు. రిస్పెరిడోన్ అనే మందు రాసేది విపరీతమైన చిరాకుకి, తనని తాను కొట్టుకోవడానికి. మాటలు రావడానికి కాదు. ఆశతో పొలం అమ్మి వచ్చినవాళ్ళకి ఈ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, ఆ మందు అంటగట్టినవాడి మీద ఒళ్ళు మండుతుంది.

విదేశం వెళ్తే త్వరగా అయిపోతుందనుకునేవాళ్ళకి: అమెరికాలో జనరల్ సైకియాట్రీ నాలుగేళ్ళు, చైల్డ్ ఫెలోషిప్ రెండేళ్ళు, మూడో ఏడాది తర్వాతే ఫెలోషిప్‌కి మారితే మొత్తం ఐదు. బ్రిటన్‌లో కోర్ ట్రైనింగ్ మూడేళ్ళు, ఎంఆర్‌సీసైక్ పరీక్ష, ఆ పైన ఇంకో మూడేళ్ళు. మన దగ్గర కూడా ఎండీ, డీఎం కలిపి ఆరే.

నిన్న సాయంత్రం ఆ పీజీ అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసింది. బెరా అనే వినికిడి పరీక్ష చేయించారట, వినికిడి బాగానే ఉంది. ఓపీ అయ్యాక బాబుతో ఇరవై నిమిషాలు నేల మీద కూర్చుందట. సీసా మూతలన్నీ వరసగా పేర్చాడు. ఒక మూత దాచేస్తే ఏడవలేదు, ఆమె మొహం వైపు చూడనూ లేదు, చెయ్యి పట్టుకుని జేబు దగ్గరికి లాగాడు. అదంతా తారీఖుతో సహా రాసిపెట్టుకుంది. పగలంతా పిల్లాడు అమ్మమ్మ దగ్గరే ఉంటాడని తెలిసి, వచ్చే మంగళవారం ఆవిడని కూడా తీసుకురమ్మందట.