మంచు వామి సంగతి

చిన్నూ, అమ్మలూ,

మొన్న ఫోన్లో చిన్నూ అడిగాడు కదా, "తాతయ్యా, అంటార్కిటికాలో మనుషులే లేని రోజుల్లో ఎంత మంచు కురిసిందో ఇప్పుడెట్టా చెప్తున్నారు, ఎవరు రాసిపెట్టారు" అని. ఫోన్లో అయితే సగం వినకుండా పరిగెడతావు, అందుకే రాస్తున్నా.

ఎవరూ రాయలేదురా. కురిసిన మంచు కరక్కుండా అక్కడే ఉండిపోయింది. ఈ ఏటిది నిరుటి దాని మీద, అది ముందటేటి దాని మీద, అట్టా లక్షల ఏళ్ళు.

మీరు గడ్డివామి చూశారో లేదో. తెనాలి దగ్గర మా ఊళ్ళో ప్రతి దొడ్లో ఉండేది, కోత మిషన్లొచ్చాక తగ్గిపోయాయి. పాత గడ్డి అడుగున ఉండగానే కొత్తది పైన వేసేవాళ్ళు. పైది వదులుగా ఉంటుంది, అడుగుది బరువుకి అణిగి పల్చబడుతుంది. బాగా పండిన ఏడు వరస మందంగా, పంట పోయిన ఏడు సన్నగా. 1977 నవంబరు ఉప్పెనప్పుడు తడిసిన గడ్డి నల్లగా అయిపోయింది, ఆ నల్ల వరస కనిపిస్తే చాలు, పైవన్నీ తర్వాతవి, కిందవన్నీ ముందువి అని మా నాన్న లెక్క చెప్పేవాడు. మేం ఆ వామి వెనకే దాగుడుమూతలు ఆడేవాళ్ళం, పాములుంటాయిరా అని అమ్మ కేకలేసేది, ఒకసారి నిజంగానే జెర్రిపోతు వచ్చింది, ఆ కథ ఇంకోసారి చెప్తా.

సైంటిస్టులు చేసేదీ అదే. లోపల బోలుగా ఉండే డ్రిల్లు దింపి పొడుగాటి మంచు కడ్డీ పైకి తీస్తారు, దాన్నే ఐస్ కోర్ అంటారు. వేసవిలో కురిసిన మంచులో బరువు ఆక్సిజన్ (ఆక్సిజన్‌లోనే కాస్త బరువుండే రకం) కాస్త ఎక్కువ, చలికాలం మంచులో తక్కువ. ఎందుకో పెద్ద క్లాసులో చదువుకుందురుగాని. ఒక ఎక్కువా ఒక తక్కువా కలిస్తే ఒక ఏడు. వాళ్ళకీ నల్ల వరస ఉంది, 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలితే దాని గంధకం గ్రీన్‌లాండ్ మంచులోనూ దొరికింది, అంటార్కిటికా మంచులోనూ దొరికింది.

మందం కొలిస్తే సరిపోదు. అడుగు గడ్డి అణిగిపోయింది కదా, అందుకే తూకం వేస్తారు, కరిగితే ఎన్ని మిల్లీమీటర్ల నీళ్ళో లెక్క కడతారు, బాగా లోతుది సాగి పల్చబడి ఉంటుంది కాబట్టి దాన్నీ సరిచేస్తారు. ఇంకోటి, గేదె ఒక పక్కే తినేస్తే ఆ పక్క చూసి వామి చిన్నదనకూడదు. అక్కడ గాలి మంచుని ఒకచోట ఊడ్చి ఇంకోచోట పోస్తుంది, అందుకే చాలాచోట్ల తవ్వుతారు. ఒక్కచోట చూసి తీర్పు చెప్పే అలవాటు మీరూ మానుకోవాలి.

మన విజయవాడలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుందా, అంటార్కిటికా లోపల డోమ్ సి అనేచోట ఏడాది మంచంతా కరిగించినా 25 మిల్లీమీటర్ల నీళ్ళే. ఎడారి! అంత తక్కువ కురవబట్టే మూడు కిలోమీటర్ల చిల్లర లోతులో 8 లక్షల ఏళ్ళ మంచు ఇమిడిపోయింది.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం గ్రీన్‌లాండ్‌ది. సుమారు 11,700 ఏళ్ళ కిందట పెద్ద చలికాలం, అంటే మంచుయుగం, ముగిసి వేడి పెరిగితే, కొద్ది ఏళ్ళలోనే అక్కడ కురిసే మంచు రెట్టింపయింది. చలి ఎక్కువైతే మంచు ఎక్కువనుకుంటాం, కానీ వేడిగాలే ఎక్కువ తేమ మోస్తుంది. ఆ వరసలు అక్కడ అట్టాగే ఉన్నాయి, ఇందాక చెప్పినట్టు సరిచేసిన మందం చూసి చెప్పేయొచ్చు, తలుచుకుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మన దేశానికీ గోవాలో ధ్రువాల పరిశోధన కేంద్రం ఉంది, మంచు కడ్డీల్ని మైనస్ 20 డిగ్రీల గదిలో పెట్టి చూస్తారు, పెద్దయ్యాక మీరు అందులో పని చేస్తానంటే నేను వద్దనను.

ఈలోగా ఒక పని చేయండి. నిలువు గోడలున్న వెడల్పు డబ్బా ఒకటి, చెట్టూ ట్యాంకూ అడ్డం లేనిచోట డాబా మీద పెట్టండి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి లోపలి నీళ్ళు స్కేలుతో కొలిచి తేదీతో రాసి పారబోయండి. ఒకరోజు మర్చిపోతే అందాజుగా వేయొద్దు, ఖాళీ వదిలేయండి. దసరాకి వచ్చినప్పుడు ఆ పుస్తకం చూస్తా.

మీ తాతయ్య,
గుంటూరు