ఇంగ్లీషులో ‘నువ్వు’ ఎటు పోయింది?

“ఎదురుగా ఉన్నది ఒక్కడే కదా, ‘యు ఈజ్’ అనకుండా ‘యు ఆర్’ అంటామేం?” అని ఓ పాఠకుడు అడిగారు. చిన్నప్పుడు నేనూ అడిగాను. “అదంతే, బట్టీ పట్టు” అన్నారు మాస్టారు. వ్యాకరణాన్ని మంత్రంలా అప్పజెప్పించే ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ కోపమే. జవాబు మన నోట్లోనే ఉంది మరి. వచ్చింది ఒక్కరే అయినా ‘మీరు వచ్చారు’ అంటాం, ‘మీరు వచ్చాడు’ అనం. ‘యు’ అంటే ‘మీరు’.

పాత ఇంగ్లీషులో ఒక్కరైతే ‘థూ’ (ఉమ్మినట్టున్నా తిట్టు కాదు), ఇద్దరైతే ‘యిట్’, ఇంకా ఎక్కువైతే ‘యే’. ‘యు’కి మూలమైన మాటకు అప్పట్లో ‘మిమ్మల్ని’ అనే అర్థం. కర్మగా ఉన్నది తర్వాత కర్త కుర్చీ ఎక్కింది.

1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి దొరల భాష అయింది. అందులో ‘తు’, ‘వూ’ అచ్చం మన నువ్వు, మీరు. 13వ శతాబ్దం నుంచి ఆ మర్యాద ఇంగ్లీషుకూ అంటింది. తమాషా ఇక్కడే ఉంది. తెలియని మనిషిని ‘మీరు’ అంటే పోయేదేం లేదు, ‘నువ్వు’ అంటేనే తంటా. అందుకే అనుమానం వచ్చిన ప్రతిసారీ నాలుక ‘మీరు’ వైపే మొగ్గుతుంది. వాడకం తగ్గేకొద్దీ ‘దౌ’ (పాత ‘థూ’యే) ఘాటెక్కింది, ఘాటెక్కేకొద్దీ వాడాలంటే టెన్షన్. 1603లో ఇంగ్లండు నావికుడు వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణలో ప్రభుత్వ లాయరు ఎడ్వర్డ్ కోక్ ఆ సర్వనామాన్నే క్రియగా చేసి, ‘ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్’ అని విరుచుకుపడ్డాడు. అంటే, నిన్ను ఏకవచనంలోనే పిలుస్తానురా ద్రోహీ అని! మనుషులంతా సమానమే అనే క్రైస్తవ శాఖవాళ్లు క్వేకర్లు దొరలనైనా ‘దౌ’ అనే పిలిచి దెబ్బలు తిన్నారు.

1611 నాటి బైబిల్లో దేవుణ్ణి ‘దౌ’ అన్నారు కాబట్టి అదేదో మహా గౌరవపదం అనుకుంటారు చాలామంది. కాదు. అందులో దేవుడైనా దొంగైనా, ఒక్కరైతే ‘దౌ’యే. మనం మాత్రం ‘నువ్వే దిక్కు’ అని మొక్కమా?

మన పాఠకుడి సందేహం ఇంగ్లీషువాళ్లకూ వచ్చింది. 18వ శతాబ్దంలో ఒక్కరితో మాట్లాడేటప్పుడు ‘యు వాజ్’ అని రాసినవాళ్లు బోలెడుమంది. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో అది తప్పని తేల్చాడు.

‘మీరు’ ఒక్కరికీ అంకితమైపోయాక పదిమందిని పిలవడానికి మాట కరువైంది. అమెరికా దక్షిణాదిలో ‘యాల్’, ఐర్లండులో ‘యూజ్’, పిట్స్‌బర్గ్‌లో ‘యింజ్’ పుట్టుకొచ్చాయి. పాత తేడా ప్రామాణిక ఇంగ్లీషులో ఒక్కచోట దాక్కుంది: ఒక్కరికి ‘యువర్‌సెల్ఫ్’, పదిమందికి ‘యువర్‌సెల్వ్స్’. మన ‘మిమ్మల్ని మీరు’లో ఆ తేడా కూడా లేదు.