ఫిల్ము శుభ్రంగా ఉన్నా గోడ మందం ఎందుకు పెంచాలి?

వేడి ఆవిరి లైన్ల డిజైన్‌లో పాత పేచీ మళ్లీ తలెత్తింది. సీమ్ వెల్డు (ప్లేటును చుట్టి చేసిన పైపు పొడవునా ఉండే అతుకు) మొత్తానికీ రేడియోగ్రఫీ (ఎక్స్‌రే లాంటి ఫిల్ము పరీక్ష) చేయించాక, వెల్డు నాణ్యతా గుణకం ఇ (E) విలువ 1 అయ్యాక, డబ్ల్యు (W, వేడిలో వెల్డు బలాన్ని తగ్గించి లెక్కించే గుణకం) పేరుతో మళ్లీ బలం తగ్గించి మందం పెంచమనడం దండగ అన్నది తయారీదారుల మాట. ఖర్చు పెరిగేది నిజమే. కానీ ఆ గుణకం ఊరికే పుట్టలేదు.

1985 జూన్ 9న అమెరికాలో నెవాడా రాష్ట్రం, లాఫ్లిన్‌లోని మొహావే విద్యుత్ కేంద్రంలో హాట్ రీహీట్ పైపు (మళ్లీ వేడి చేసిన ఆవిరిని టర్బైన్‌కు తీసుకెళ్లేది) సీమ్ వెంబడి చీలిపోయింది. ఆరుగురు చనిపోయారు. పైపు వ్యాసం 30 అంగుళాలు, ఆవిరి దాదాపు 538 డిగ్రీల సెల్సియస్. 1986 జనవరిలో మిషిగన్‌లోని మన్రో కేంద్రంలోనూ అలాంటి సీమ్ పైపే పగిలింది. ఈ రెండిటినీ పక్కన పెట్టి డబ్ల్యు గురించి మాట్లాడితే అది అంకెల గొడవలాగే కనిపిస్తుంది.

అక్కడ జరిగింది క్రీప్. వేడిలో ఏళ్ల తరబడి ఒత్తిడి మోసిన లోహంలో రేణువుల సరిహద్దుల దగ్గర సన్నని రంధ్రాలు పుడతాయి, అవి కలిసి పగులవుతాయి. వెల్డు లోహానికీ మాతృలోహానికీ మధ్య గీతా, దాని పక్కన వేడి తాకిన సన్నని పట్టీ ముందుగా అలసిపోతాయి. రేడియోగ్రఫీ పట్టేది తయారీనాటి లోపాన్నే: స్లాగ్, గాలి బుడగలు, అతకని చోటు. పదేళ్ల తర్వాత పుట్టబోయే రంధ్రం ఏ ఫిల్ములోనూ పడదు. అందుకే ఇ వేరు, డబ్ల్యు వేరు. ఒకటి పనితనానికి కొలత, రెండోది వేడిలో వెల్డు ఏళ్ల తరబడి నిలుపుకునే బలానికి.

అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ఏఎస్ఎంఈ రాసిన పైపుల డిజైన్ కోడ్ బీ31.3, 2004 ఎడిషన్‌లో డబ్ల్యును చేర్చింది: 510 డిగ్రీల దగ్గర 1, 815 దగ్గర 0.5, మధ్యలో సరళరేఖ. తర్వాత లోహాన్నిబట్టి పట్టిక వచ్చింది. అందులో క్రోమ్-మాలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన) స్టీల్‌కు 538 డిగ్రీల దగ్గర 0.82.

లెక్క చూడండి. వ్యాసం 762 మి.మీ., పీడనం 4 మెగాపాస్కల్, అనుమతించే ఒత్తిడి 43 మెగాపాస్కల్, వై గుణకం (లోహాన్నీ ఉష్ణోగ్రతనూ బట్టి కోడ్ ఇచ్చే అంకె) 0.7 అనుకుందాం. ఇ ఒక్కటే పెడితే మందం 33.3 మి.మీ. డబ్ల్యు కలిపితే 40. తుప్పుకు పోయే మందం, తయారీలో తగ్గే మందం (మిల్లు టాలరెన్స్) దీనికి అదనం. ఈ ఏడు మిల్లీమీటర్ల గురించే గొడవంతా. సీమ్‌లెస్ పైపు తీసుకుంటే ఈ కోత ఉండదు. పైపులను ఒకదానికొకటి కలిపే చుట్టు అతుకులకు పీడన లెక్కలో డబ్ల్యు వర్తించదు, వాటి సంగతి డిజైనర్ బాధ్యత.

2004కు ముందు వేసిన లైన్లదే అసలు చిక్కు. వాటి మందం ఇప్పుడు పెరగదు. సీమ్‌ను నునుపుగా అరగదీసి ఉంటే ఇన్సులేషన్ విప్పినా కనబడదు; ముందు ఆమ్లం పూసి (ఎచ్ చేసి) వెల్డు గీత పట్టుకోవాలి. పైపైన రెప్లికా (సూక్ష్మదర్శినిలో చూసేందుకు లోహపు ఉపరితలం అచ్చు) తీసి బాగుందంటే చాలదు. రెండు వైపుల నుంచీ వెల్డు చేసిన సీమ్‌లో దెబ్బ గోడ నడిమధ్యన, రెండు వెల్డులు కలిసే మొన దగ్గర మొదలుకావచ్చు. అల్ట్రాసోనిక్ పరీక్ష పూర్తి మందానికీ, సీమ్ పూర్తి పొడవుకూ జరగాలి.