లెదర్ కేసులో భద్రంగా పోయిన కెమెరా

పోయిన వారం కొల్లాపూర్ నుంచి ఒకావిడ మా దుకాణానికి వచ్చారు. సంచిలోంచి పాత పట్టుచీర ముక్క తీశారు. దాన్ని విప్పితే గోధుమరంగు లెదర్ కేసు, కేసు గుండీలు విప్పితే యాషికా ఎలక్ట్రో 35 ఫిల్మ్ కెమెరా. వాళ్ల నాయన బొంబాయిలో మేస్త్రీ పని చేసిన రోజుల్లో కొన్నదట. "సార్, నాయన పోయి పదిహేనేండ్లయింది. అప్పటిసంది బీరువాలనే ఉన్నది, ఎవ్వరినీ ముట్టనియ్యలే. కొత్తదాని లెక్కనే ఉన్నది చూడండి" అన్నారు.

బయటికి నిజంగానే కొత్తదానిలా ఉంది. ముందు రివైండ్ పిడిని మెల్లగా తిప్పి చూశాను, లోపల ఫిల్మ్ లేదు. (ఈ అలవాటు నాకెలా వచ్చిందో తర్వాత చెప్తాను.) టార్చి వెలుతురు పక్క నుంచి వేసి లెన్సులోకి చూస్తే అద్దం అంచు నుంచి నడిమి దాకా తెల్లటి దారాలు, మర్రిచెట్టు వేర్లు పాకినట్టు. ఫంగస్, అంటే బూజు. బ్యాటరీ మూత తిరగలేదు. గట్టిగా పట్టి తిప్పితే పచ్చటి చిలుము పొడిపొడిగా రాలింది. ఆవిడ నా ముఖం వంకే చూస్తున్నారు. పదిహేనేళ్ల కాపలాయే ఆ కెమెరాను తినేసిందని ఎట్లా చెప్పాలి?

మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏడేళ్లుగా స్టూడియో నడుపుతున్నాను, పక్కనే రిపేరు బల్ల. ఫిల్మ్ పోయాక రిపేర్లు ఆగిపోతాయనుకున్నాను. ఆగలేదు. ఇప్పుడొచ్చేవి నాయనల కెమెరాలు, తాతల కెమెరాలు, సరదాగా కూడబెట్టే కుర్రాళ్ల కెమెరాలు. పదింట ఏడెనిమిది అదే జబ్బుతో వస్తాయి, వాటితో పాటు అవే మాటలు వస్తాయి.

"కేసులో పెట్టి బీరువాలో దాచితే భద్రం"

అన్నిటికంటే ఎక్కువ కెమెరాలను మింగింది ఈ మాటే. లెదర్ కేసు మోసుకెళ్లడానికి చేసింది, దాచడానికి కాదు. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. ఫంగస్ విత్తనాలు గాలిలో ఎక్కడైనా ఉంటాయి, మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ. వాటికి కావలసినవి మూడు: తేమ, చీకటి, కదలని గాలి. తిండికి తోలు, జిగురు, దుమ్ము, లెన్సు మీద మన వేలి జిడ్డు ఉండనే ఉన్నాయి. బీరువాలోని లెదర్ కేసు వీటన్నిటినీ ఒకచోట చేర్చి పెడుతుంది. పైగా చాలా ఇళ్లలో బీరువా బాత్రూమ్ గోడకు ఆనుకుని ఉంటుంది.

దీనికి అందరూ చెప్పే జవాబు నాకు కంఠతా వచ్చు: "మనది ఎండల జిల్లా కదా సార్, బూజు సముద్రం పక్క ఊళ్లలో కదా పట్టేది." ఏప్రిల్, మే సంగతైతే నిజమే. మరి జూలై నుంచి అక్టోబరు దాకా? ముసురు పట్టి నాలుగు రోజులు బట్టలు ఆరకపోతే, ఆ నాలుగు రోజులూ మీ లెన్సు కూడా ఆరలేదన్నమాట. గాలిలో తేమ 60, 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే ఫంగస్ మొలకెత్తుతుంది. ఎండాకాలం వచ్చి దాన్ని చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే. మళ్లీ వానలకు లేస్తుంది. ఎండ చేసే మేలు లేకపోగా ఇంకో కీడుంది: వేడికి గ్రీజులోని నూనె పల్చబడి జారి షట్టర్ (వెలుతురుకు తెరుచుకుని మూసుకునే తలుపు) రేకుల మీదికి చేరుతుంది. ఆ జిడ్డుకు రేకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఫంగస్ మొదట్లోనే దొరికితే భయం లేదు. లెన్సు విప్పి, హైడ్రోజన్ పెరాక్సైడ్, అమోనియా కలిపిన నీళ్లతో మెత్తగా తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేస్తుంది. దారాలు పోయినా వాటి అచ్చు మిగులుతుంది, ఎండకు ఎదురుగా తీస్తే ఫొటో అంతా పాలు పోసినట్టు వస్తుంది. దాన్ని ఎవరూ బాగుచేయలేరు. చేస్తామని డబ్బులడిగితే ఇవ్వకండి.

ఇంటి వైద్యాల గురించి కూడా చెప్పాలి. కలరా ఉండలతో ఫంగస్ ఆగదు, వాసన మాత్రం ఏళ్లు నిలుస్తుంది. బియ్యంలో పెడితే పిండి దుమ్ము లోపలికి పోతుంది. స్పిరిట్ దూది లోపలి అద్దానికి చేరనే చేరదు. ఎండలో పెడితే లోపలి నూనె కారుతుంది. గుడ్డ షట్టర్ ఉండే ఫెడ్, జోర్కీ లాంటి సోవియట్ కెమెరాలను మూత లేకుండా సూర్యుడికి ఎదురుగా పెడితే లెన్సు భూతద్దమై గుడ్డకు చిల్లు పడుతుంది. అట్లాంటి చిల్లులకు నేనే మూడుసార్లు అతుకులు వేశాను.

చేయాల్సింది చాలా చిన్న పని. కేసును వేరే చోట పెట్టండి, పారేయక్కర్లేదు. బ్యాటరీ తీసేయండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి, సకినాలు పోసుకునేలాంటిది. అందులో రెండు గుప్పిళ్ల సిలికా జెల్ గుడ్డ సంచిలో కట్టి వేయండి. బూట్ల డబ్బాలో వచ్చిన పొట్లాలు వద్దు, అవి మీ ఇంటికి వచ్చేసరికే తేమ తాగి ఉంటాయి. రంగు మారే గోళీలు కొనండి: నీలంవి తేమ తాగితే గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పుడు సన్నమంట మీద వేయిస్తే మళ్లీ నీలమవుతాయి. అయితే ఆ నీలం రంగు కోబాల్ట్ రసాయనం, కాబట్టి వంట కడాయి వాడొద్దు.

ఇక నెలకోసారి బయటికి తీసి అన్ని స్పీడులలో షట్టర్ నొక్కండి. మెకానికల్ కెమెరా అయితే ఒక సెకను దగ్గర 'జిర్ర్' మని చిన్న పళ్లచక్రాల చప్పుడు వస్తుంది. అది తడబడకుండా వస్తోందంటే గుండె బాగున్నట్టే. సెల్ఫ్ టైమర్ మీట మాత్రం ముట్టకండి. పాత కెమెరాల్లో అది సగంలో ఇరుక్కుని షట్టర్‌ను కూడా పట్టేస్తుంది. షట్టర్ ఆగిందని కుట్టుమిషను నూనె చుక్క వేసేవాళ్లకు ఒక నమస్కారం. ఆ చుక్క తీయడానికి నాకు ఒక పూట పడుతుంది, మీకు ఆ పూట కూలి పడుతుంది.

యెజ్డీ బైకులు, పాత స్కూటర్లు పోగేసే దోస్తు ఒకాయన దేవరకొండలో ఉన్నాడు. ఆయన గోడూ ఇదే. టార్పాలిన్ కప్పి ఏడాది వదిలేస్తే టాంకు లోపల తుప్పు, కార్బురేటర్ జెట్లలో జిగురు. ఆయనను అందరూ అడిగేది వేరే: పదిహేనేళ్లు దాటిన బండ్లన్నీ గుంజుకుపోతారా అని. ఢిల్లీ చుట్టుపక్కల నిబంధనను ఇక్కడికి తెచ్చి భయపడుతున్నారు. ఇక్కడ ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవచ్చు. యాభై ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్న వాటికైతే 2021లో వింటేజ్ రూల్స్ వచ్చాయి, నంబరులో 'వీఏ' అక్షరాలు ఇస్తారు. కాకపోతే ఆ నంబరు మీద రోజూ బజారుకు తిరగడం కుదరదు.

"పాతది కదా, లక్షలు వస్తాయట"

2022లో జర్మనీలోని వెట్జ్‌లార్ వేలంలో ఒక లైకా కెమెరా కోటీ 44 లక్షల యూరోలకు పోయింది. మన లెక్కలో వంద కోట్ల పైమాటే. ఆ వార్త వాట్సాప్‌లో తిరిగినప్పటి నుంచి నాకు తిప్పలు మొదలయ్యాయి. అది లైకాను కనిపెట్టిన ఆస్కార్ బార్నాక్ సొంతంగా వాడింది, అమ్మకాలు మొదలవక ముందు పరీక్ష కోసం చేసిన రెండు డజన్ల లోపు కెమెరాలలో ఒకటి. మీ ఇంట్లోది లక్షల సంఖ్యలో తయారైంది. పాతది వేరు, అరుదైనది వేరు.

ఒకతను ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా తెచ్చి, ఇది రాజా దీన్‌దయాళ్ కాలం నాటిదన్నాడు. మన ఊరికి పేరిచ్చిన నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్ కదా ఆయన. దీన్‌దయాళ్ గాజు ప్లేట్ల మీద తీసేవాడు, 1905లోనే పోయాడు. తెచ్చింది బరోడాలో చేసిన ప్లాస్టిక్ కెమెరా! అయినా ఆ క్లిక్ 3 అంటే నాకు ప్రాణం, అది వేరే సంగతి.

బంగారు పూత, గద్ద బొమ్మ ఉన్న 'లైకా' ఎవరైనా చూపిస్తే లెన్సు విప్పి లోపల దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ మీట చూడండి. లైకాలో దాని కొసన చిన్న గుండ్రటి చక్రం ఉంటుంది. సోవియట్ కెమెరా మీద పేరు చెక్కి అమ్మేవాటిలో చాలావరకు ఆ చోట చీలలాంటి కొస ఉంటుంది.

నవ్వుకోవడానికి ఇంతవరకే. ఆన్‌లైన్‌లో "మీ కెమెరాకు ఎనిమిది లక్షలు ఇస్తాం" అని ఫోన్ చేసి, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత జీఎస్టీ, తర్వాత కస్టమ్స్ అంటూ గుంజేవాళ్లున్నారు. పాత నాణేలు, ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటు, పాత రేడియోలో ఎర్ర పాదరసం, అన్నిటిదీ ఒకే కథ. మాకు తెలిసిన రిటైర్డ్ పెద్దాయన ఒకరు బిడ్డ పెండ్లి ఖర్చులో ఆసరా అవుతుందని ఆశపడి పద్దెనిమిది వేలు పోగొట్టుకున్నారు. సిగ్గుతో ఇంట్లో చెప్పలేదు, నాకు చెప్పారు. కొనేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడగడు. ఇప్పటికే పంపి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫిల్మ్ ఆగిపోయిందా? లేదు, కొడాక్, ఇల్ఫర్డ్ ఇంకా చేస్తున్నాయి. ధర మాత్రం గుండె పట్టుకునేలా ఉంది. బ్యాటరీ దొరక్కపోతే కెమెరా చచ్చినట్టా? మెకానికల్‌వి బ్యాటరీ లేకుండానే నడుస్తాయి. ఎలక్ట్రో 35 కూడా ఆగిపోదు, కానీ సెకనులో ఐదువందలో వంతు స్పీడు ఒక్కటే ఇస్తుంది. పాత లెన్సులో రేడియేషనా? కొన్ని టకుమార్ లెన్సుల గాజులో థోరియం ఉన్నమాట నిజమే. దిండు కింద పెట్టుకుని పడుకోకపోతే చాలు. బ్రాసో పెట్టి మెరిపించాలా? వద్దు, కొనేవాడు ముందు చూసేది ఆ గీతలే.

రివైండ్ పిడి సంగతి చెప్తానన్నాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునేవాణ్ణి. పెండ్లి నుంచి వచ్చిన కెమెరా బల్ల మీద ఉంది. ఖాళీ అనుకుని వెనక తలుపు తెరిచాను. నల్లగా మెరిసే ఫిల్మ్ కళ్ల ముందు! దబ్బున మూశాను. పిడి తిప్పినప్పుడు బిగువుగా తగిలితే లోపల ఫిల్మ్ ఉన్నట్టని ఆరోజు దాకా నాకు తెలియదు. రోల్ పైచుట్లు తెల్లారిపోయాయి, లోపలి చుట్లలో కొన్ని బతికాయి. పోయినవాటిలో తలంబ్రాలు ఉన్నాయి. ఉస్తాద్ నన్ను కొట్టలేదు. నాలుగు రోజులకు పెండ్లిజంటను స్టూడియోకు పిలిపించి, బాసింగాలు కట్టించి, పళ్లెంలో బియ్యం పోయించి మళ్లీ తలంబ్రాలు పోయించాడు. పిల్ల ఈసారి సిగ్గుపడకుండా పిడికిళ్ల కొద్దీ పోసింది. ఆల్బమ్‌లో అన్నిటికంటే మంచి ఫొటోలు అవే వచ్చాయి. నా జీతంలో రెండు నెలలు కోత పడింది.

ఇవన్నీ ఎందుకు పోగేస్తావని మా ఇంట్లో అడుగుతారు, నలభై దాకా ఉన్నాయి. యాషికా మ్యాట్ మూత ఎత్తి పైనుంచి తొంగి చూడమంటాను. గరుకు అద్దం మీద వీధి అంతా కుడి ఎడమై కనిపిస్తుంది. కుడికి పోయే ఆటో ఎడమకు పోతుంది. బడి పిల్లలు సాయంత్రం వచ్చి వరసగా నిలబడి చూసి పోతారు. ఒక్కోడు చేయి ముందు పెట్టి ఊపి, అది అటెందుకు పోయిందని వెనక్కి తిరిగి చూసుకుంటాడు. దానికి ధర ఎంతని అడిగితే నేనేం చెప్పను?

కొల్లాపూర్ ఆవిడ కెమెరా రెండు రోజులు పట్టింది. ముందు అద్దం శుభ్రమైంది, లోపలి దాని మీద మచ్చ మిగిలింది. మచ్చ ఎక్కడుందో టార్చి వేసి చూపించాను, ఎండకు ఎదురుగా తీయొద్దని చెప్పాను. తీసుకుపోయారు. నిన్న ఫోన్ వచ్చింది: "సార్, ముసురు పట్టింది కదా, గోళీలు గులాబీ రంగుకు తిరిగినయి. వేయించినంక మళ్ల నీలమైనయి."

ఏ కడాయిలో వేయించారని అడిగాను. కొద్దిసేపు ఏమీ మాట్లాడలేదు. "పాతదే సార్. ఇంక దాంట్ల ఏం వండం" అన్నారు.