తెల్లబట్ట: వేడి కాదు, పులుపు

అమ్మాయికి తెల్లబట్ట అవుతోందనీ, ఒంట్లో వేడి ఎక్కువై ఎముకలు కరిగిపోతున్నాయని ఇంట్లో పెద్దవాళ్లు బెంగపెట్టుకున్నారనీ, సబ్జా గింజలు, బార్లీ, మజ్జిగ అన్నీ అయ్యాయనీ ఒక పాఠకురాలు రాశారు. ఎముకలు అలా కరిగి బయటికి రావు. వేడికీ దీనికీ సంబంధం లేదు. మజ్జిగకి మాత్రం కొంచెం ఉంది, తాగడం వల్ల కాదు, వేరే రకంగా.

గర్భాశయం, అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు ఉన్న బొమ్మని స్కూల్లో అందరూ వేసే ఉంటారు. "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని టీచర్లు పేజీ తిప్పేసే పాఠం కూడా అదే. ఆ బొమ్మలో యోని ఒట్టి గొట్టంలా ఉంటుంది. నిజానికి అక్కడ రోజూ జరిగేది పెరుగు తోడుకోవడం లాంటిది.

ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వల్ల యోని గోడ పొరలు పొరలుగా మందమవుతుంది. ఆ కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం చేరుతుంది. పై కణాలు రాలిపోతుంటే, వాటిలోని గ్లైకోజెన్‌ని ఎంజైములు చిన్న చక్కెరలుగా తుంచుతాయి. ఇవి పాలు అనుకోండి. అక్కడే కాపురముండే లాక్టోబాసిల్లస్ బాక్టీరియా తోడు. గోరువెచ్చదనానికి ఒంటి వేడి, 37 డిగ్రీలు, ఉండనే ఉంది. ఆ చక్కెర తిని అవి లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. మన గిన్నెలో పెరుగు పులిసేదీ ఆ ఆమ్లంతోనే. జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లైన్ 1892లోనే ఈ బాక్టీరియా గురించి రాశాడు. పులుపుని కొలిచే అంకె పిహెచ్, అది ఎంత తగ్గితే అంత పులుపు. రక్తం పిహెచ్ 7.4 అయితే ఇక్కడ 3.8 నుంచి 4.5. అంటే ఆమ్లత సుమారు వెయ్యి రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

రాలిన కణాలు, గర్భాశయ ముఖద్వారం నుంచి దిగే జిగురు, ఈ పులుపు కలిసిందే మామూలు తెల్లబట్ట. రోజుకి ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్లు ఉంటుంది. అండం విడుదలయ్యే రోజుల్లో తేటగా తీగ సాగుతుంది. దీనికి మందు అక్కర్లేదు.

పాలు పగిలిపోయే ఎండలో కూడా పెరుగు ఎందుకు నిలుస్తుందో, ఇక్కడ మిగతా సూక్ష్మజీవులు ఎందుకు పెరగవో, రెండింటికీ కారణం ఒక్కటే. లాక్టిక్ ఆమ్లం అణువు విద్యుదావేశం లేని రూపంలో ఉంటే శత్రు బాక్టీరియా కొవ్వుపొరని దాటి లోపలికి దూరిపోతుంది. లోపల విడిపోయి, పులుపుకి మూలమైన ప్రోటాన్ వదులుతుంది. దాన్ని బయటికి తోడెయ్యడానికే ఆ బాక్టీరియా శక్తంతా ఖర్చయిపోతుంది. పిహెచ్ 3.86 దగ్గర ఈ దూరే రూపం సరిగ్గా సగం. 4.5 దగ్గర 19 శాతం. 5కి చేరితే 7 శాతమే. పులుపు కాస్త తగ్గినా కాపలా ఎంత పలచబడుతుందో చూడండి.

ఈస్ట్రోజెన్ లేకపోతే తోడుకోవడానికి ఆ పాలు, అంటే చక్కెర, లేవు. అందుకే చిన్నపిల్లల్లో, ముట్లుడిగిన వాళ్లలో ఈ పులుపు ఉండదు. ముట్లుడిగాక మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు ఎక్కువవడానికి ఇదొక కారణం. అప్పుడే పుట్టిన ఆడపిల్లకి మాత్రం తల్లి హార్మోన్ల వల్ల కొన్నాళ్లు తెల్లబట్ట కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. బహిష్టు రోజుల్లో రక్తం కలిసి పులుపు విరుగుతుంది. ఆవకాయ జాడీ ముట్టుకుంటే పచ్చడికేమీ కాదు. పట్టించుకోవాల్సింది ప్యాడ్‌ని, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. గుడ్డ వాడితే ఉతికి, మంచం కింద దాచకుండా ఎండలో ఆరేయాలి.

సబ్బుతోనో, యాడ్స్‌లో చూపించే వాష్‌లతోనో లోపల కడిగితే తోడు గిన్నెని తోమేసినట్టే. బయట మామూలు నీళ్లు చాలు. అనవసరంగా వాడిన యాంటీబయాటిక్స్ కూడా తోడుని చంపుతాయి. అప్పుడు గార్డ్‌నెరెల్లా లాంటి వేరే బాక్టీరియా పెరిగితే పలచటి బూడిదరంగు స్రావం, నీచు వాసన. ఈస్ట్ అనే ఫంగస్ పెరిగితే విరిగిన పాల ముద్దల్లాంటి స్రావం, విపరీతమైన దురద. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఈస్ట్ పులుపుకి లొంగదు. పచ్చటి నురగ వస్తే ట్రైకోమోనాస్ పరాన్నజీవి కావచ్చు, భర్తకీ మందు వెయ్యాలి. మూడింటికీ మందులు వేరు. మందుల షాపులో అడిగి ఒకటి కొనుక్కోవడం కాదు, గైనకాలజిస్టుకి చూపించాలి. పొత్తికడుపులో నొప్పి, రక్తం, జ్వరం ఉంటే ఆలస్యం చెయ్యకూడదు.

వేడి నిజంగా దెబ్బతీసేది మగవాళ్లని! వీర్యకణాలు తయారవడానికి వృషణాలు ఒంటికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. ఒక కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, గట్టి జ్వరం వచ్చిన కొన్ని వారాలకి గానీ దెబ్బ వీర్యకణాల లెక్కలో కనిపించదు. వీర్యం పిహెచ్ 7.2 పైనే ఉంటుంది. పులుపులో వీర్యకణాలు బతకవు మరి! అందుకే కలయిక తర్వాత కొన్ని గంటలు ఆ పులుపు విరిగి ఉంటుంది. కండోమ్ వాడితే ఆ తేడా రాదు, సుఖవ్యాధుల నుంచీ కాపాడుతుంది.

ఇంట్లో పెరుగు లోపల రాసుకోమనే చిట్కా వద్దు. పోలిక అక్కడికే ఆగుతుంది. పెరుగు బాక్టీరియా పాలలోని లాక్టోజ్‌కి అలవాటు పడ్డవి, వేరే జాతులవి, అక్కడ నిలదొక్కుకోవు. కావాల్సింది లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్ లాంటివి. 2020లో అమెరికాలో 228 మందిపై జరిపిన ప్రయోగంలో, యాంటీబయాటిక్ కోర్సు తర్వాత ఈ క్రిస్పాటస్‌ని లోపల పెట్టినవాళ్లలో పన్నెండు వారాలకి 30 శాతం మందికే ఆ నీచు వాసన జబ్బు తిరగబెట్టింది. ఉత్తుత్తి మందు వాడినవాళ్లలో 45 శాతం మందికి. అంతకు ముందు, 2019లో, ఇజ్రాయెల్ వైద్యులు ఇదే జబ్బు ఏ మందుకీ లొంగని అయిదుగురికి ఆరోగ్యంగా ఉన్న స్త్రీల స్రావాన్నే పరీక్షలు చేసి లోపల పెట్టారు. పక్కింటి నుంచి తోడు తెచ్చుకోవడమే కదా! వాళ్లలో నలుగురికి జబ్బు చాలాకాలం మళ్లీ రాలేదు.