నీళ్లను వదిలితేనే వేగం

కృష్ణపట్నం తీరంలో రెండు రకాల పడవలు కనిపిస్తాయి. వలలు, ఐసు, మనుషులతో వేటకు పోయే ఫైబర్ బోటు నీళ్లను దున్నుకుంటూ పోతుంది. కోస్ట్‌గార్డ్ ఇంటర్‌సెప్టర్ బోటు మాత్రం ముక్కు పైకెత్తి, సగం ఒళ్లు బయటపెట్టి దూసుకుపోతుంది. ఇంజను బలం ఒక్కటే దీనికి కారణం కాదు. మొదటిది నీళ్లలో నడుస్తోంది, రెండోది నీళ్ల మీద నడుస్తోంది.

నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ. పైగా కదిలే ప్రతి పడవా తన ముందు ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగి సాగి పడవంత పొడుగవుతుంది. అక్కణ్ణుంచి పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాలి. 9 మీటర్ల పడవకు ఈ ఇబ్బంది గంటకు 13, 14 కిలోమీటర్ల దగ్గరే ఎదురవుతుంది. బలమైన ఇంజను, తేలికైన ఒళ్లు, చదునైన అడుగు ఉంటే దీన్ని దాటొచ్చు. అప్పుడు నీరే కిందినుంచి తన్ని పడవను పైకెత్తుతుంది. పెన్నలో పిల్లలు విసిరిన పెంకు కప్పగంతులు వేసేదీ ఇందుకే.

పందెం పడవలు ఇక్కడితో ఆగవు. 1981 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతున్న ఫార్ములా వన్ పడవనే చూడండి. పొడవు సుమారు 6 మీటర్లు, ఇంజనుతో కలిపినా బరువు అర టన్నుకు లోపే. వెనక దాదాపు 400 హార్స్‌పవర్ ఇంజను. అడుగున రెండు పక్కలా రెండు పొడుగాటి దిమ్మెలు, మధ్యలో సొరంగంలాంటి ఖాళీ ఉంటాయి. వేగం అందుకోగానే ఆ ఖాళీలోకి గాలి దూరి, ఒత్తుకుని, పడవను లేపుతుంది. గంటకు 200 కిలోమీటర్లు దాటాక నీటికి తగిలేది ప్రొపెల్లరూ, దిమ్మెల చివరి కొసలూ మాత్రమే. ఆ ప్రొపెల్లర్ కూడా సగం గాల్లోనే తిరుగుతుంది. బ్రేకులు లేవు, గేర్లు లేవు.

అసలు టెన్షన్ ఇక్కడే. డ్రైవరు బటన్‌తో ఇంజను కోణాన్ని కొద్దికొద్దిగా మారుస్తుంటాడు. ముక్కు లేపితే నీటి రాపిడి తగ్గి వేగం పెరుగుతుంది. కానీ గాలి ఎత్తే బలం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది: వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. వెంట్రుకవాసి ఎక్కువ లేపినా, ఎదురుగాలి ఒక్క విసురు విసిరినా, పడవ వెనక్కి పల్టీ కొడుతుంది. 1967 జనవరి 4న ఇంగ్లాండులోని కోనిస్టన్ సరస్సులో నీటి మీద వేగం రికార్డు కోసం పోతూ డొనాల్డ్ క్యాంప్‌బెల్ ఇలాగే పల్టీ కొట్టి చనిపోయాడు. ఇప్పటికీ నిలిచిన రికార్డు ఆస్ట్రేలియాకు చెందిన కెన్ వార్బీది. 1978లో గంటకు 511 కిలోమీటర్లు! ఆ పడవను తన ఇంటి పెరట్లోనే కట్టుకున్నాడాయన. నాకైతే ఆ వేగం కంటే ఆ పెరడే నమ్మశక్యంగా లేదు.

అందుకే డ్రైవరు ఇప్పుడు కార్బన్ ఫైబర్ గూడులో బెల్టులతో బిగించుకుని కూర్చుంటాడు. బోర్లాపడిన గూడులోంచి నీళ్ల కింద బయటికి రాగలడో లేదో ముందే పరీక్ష పెడతారు. మలుపుల్లో ఒంటి మీద పడే బలం 4 జీ, అంటే మన బరువుకు నాలుగింతలు, దాటొచ్చు. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 280 కిలోల భారం మోసినట్టే. ముందున్న పడవ లేపే తుంపరలో ఏమీ కనబడదు, ఒడ్డునున్న మనిషి రేడియోలో దారి చెబుతుంటాడు. కాబట్టి ముందుగా మొదటి మలుపు అందుకున్నవాడికి సగం పందెం దక్కినట్టే.

ఇలాంటి పడవకు అద్దంలాంటి నీళ్లు కావాలి. 2018 నవంబరులో విజయవాడలో ఈ పందేలు జరిగినప్పుడు ప్రకాశం బ్యారేజీ నిలబెట్టిన కృష్ణ నీళ్లే పనికొచ్చాయి. (బ్యారేజీకి పేరిచ్చిన పంతులుగారు మన ఒంగోలు వైపు వారే.) మరి మన నెల్లూరు వైపో? మైపాడు అలల మీద సొరంగం పడవ నిలవదు. సముద్రానికి అడుగు కోసుగా ఉండే వేరే పడవలున్నాయి. పులికాట్ నీళ్లు కదలవు గానీ లోతు లేదు, పైగా ఆ మోతకు పక్షులేం కావాలి? విశాలంగా, లోతుగా ఉన్నది సోమశిల జలాశయం. చిక్కల్లా ఇంజనుతోనే. ఈ పందేల్లో చాలాకాలంగా వాడుతున్న టూ స్ట్రోక్ ఇంజను పెట్రోలుతో పాటు ఆయిల్‌నూ కాల్చి, మిగిలింది నీళ్లలోకే వదులుతుంది. సోమశిల నీళ్లేమో కండలేరు మీదుగా చెన్నై కుళాయిల దాకా పోతాయి.