ఇనుముకు ఆక్సిజన్, మనకు వజ్రం

తొలకరి పడితే చాలు, కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లోనూ అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కలా జనం తల వంచుకుని నేలను వెతుకుతుంటారు. దొరికినవాళ్ల సంగతి పేపర్లో వస్తుంది. దొరకనివాళ్ల సంగతి రాదు. ఆ రాయి ఎలా పుట్టిందో అంతకంటే రాదు. బొగ్గు వేడికీ ఒత్తిడికీ వజ్రం అవుతుందని బడిలో విన్నమాటతోనే సరిపెట్టుకుంటాం.

అసలు చిక్కు వేరే ఉంది. సముద్రం అడుగు పలకలు భూమిలోకి దిగేటప్పుడు తమతో తీసుకుపోయే కార్బన్‌లో చాలాభాగం కార్బనేటు. అంటే సున్నపురాయిలో లాగా ఆక్సిజన్‌తో ముడిపడి ఉంటుంది. వజ్రం కావాలంటే ముందు ఆ ఆక్సిజన్ వదలాలి, కార్బన్‌కు ఎలక్ట్రాన్లు దక్కాలి. దీన్నే క్షయకరణం అంటారు. అప్పు పుట్టాలంటే ఇచ్చేవాడు ఉండాలి కదా! ఇక్కడ ఎలక్ట్రాన్లు ఇచ్చి తాను ఆక్సీకరణం చెందేది ఇనుము.

మరి అంత లోతున ఇనుము లోహంగా ఎక్కడిది? నాకు అన్నిటికంటే వింతగా తోచేది ఇదే. 660 కిలోమీటర్ల కింద రాతిలో ఎక్కువగా ఉండే ఖనిజం బ్రిడ్జ్‌మనైట్. అల్యూమినియం కలిసిన ఈ ఖనిజానికి ఫెర్రిక్ ఇనుమంటే, అంటే మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుమంటే, మహా ఇష్టం. బయటి నుంచి ఆక్సిజన్ రాకపోయినా పని జరిగిపోతుంది. రెండేసి ఎలక్ట్రాన్లే పోగొట్టుకున్న మూడు ఫెర్రస్ ఇనుము అయాన్లలో రెండు చెరో ఎలక్ట్రాన్‌ను మూడోదానికి ఇచ్చి ఫెర్రిక్ అవుతాయి, ఆ మూడోది లోహమై మిగులుతుంది. ఇలా రాతి బరువులో సుమారు 1 శాతం లోహం ఏర్పడుతుందని అంచనా. కార్బనేటు దానికి ఎదురుపడితే ఆక్సిజన్ ఇనుముకు పోతుంది, కార్బన్ వజ్రంగా మిగులుతుంది. ఒకరకంగా వజ్రం తుప్పుకు తోబుట్టువే.

2016లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనికి సాక్ష్యం చూపింది. నైట్రోజన్ దాదాపు లేని పెద్ద వజ్రాల లోపల ఇనుము, నికెల్, కార్బన్, గంధకం కలిసిన లోహపు రేణువులు, వాటి చుట్టూ పలుచగా మీథేన్, హైడ్రోజన్ కనిపించాయి. ద్రవలోహంలో కరిగిన కార్బన్ నుంచే ఆ వజ్రాలు పెరిగాయట, అదీ 360 నుంచి 750 కిలోమీటర్ల లోతున. కోహినూర్ కూడా ఈ నైట్రోజన్ లేని రకమే.

పైకి వచ్చేదారిలో కథ తిరగబడుతుంది. పైపొరల్లో ఆక్సిజన్ పట్టు ఎక్కువ. వజ్రకరూరు దగ్గర సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట వజ్రాలను మోసుకొచ్చిన కింబర్లైట్ లాంటి శిలాద్రవం దారిలోనే వాటి అంచులను కొరుక్కుతింటుంది. కొన్ని వజ్రాల మూలలు గుండ్రంగా ఉండటం చూసి ఏటినీళ్లకు అరిగాయనుకుంటాం గానీ, ఆ పని చాలావరకు ఏరు చేరకముందే అయిపోయి ఉంటుంది.